డ్రిప్ కిట్ బాగుంది, టైమరే కొంప ముంచింది

మిద్దె మీద మొక్కలున్న వాళ్ళకి మే నెలలో పెళ్ళి పిలుపొస్తే ముందు పట్టుకునే టెన్షన్ ఒకటే, నీళ్ళెవరు పోస్తారని. మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో రెండంతస్తుల ఇల్లు, పైన 40 కుండీలు. పోయినేడాది కింద వాటాలో అద్దెకుండే ఆంటీకి తాళం చెవి ఇచ్చి ఆరు రోజులు వరంగల్ వెళ్ళొచ్చాం. పాపం ఆవిడ రోజూ పోసింది, కానీ వంటా వార్పూ అయ్యాక పదకొండింటికి. ఆ టైముకి ఎండలో పడున్న పైపులోంచి వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి. పుదీనా, పాలకూర ఉడికిపోయాయి. ఏమంటాం, ఎవరింటి మొక్కలకో ఆ ఎండలో మెట్లెక్కడమే గొప్ప.

అందుకని ఈసారి ఏప్రిల్ మొదట్లోనే ఆన్‌లైన్‌లో 50 కుండీల డ్రిప్ కిట్, టైమర్‌తో కలిపి తెప్పించా. 3,400 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, అచ్చం ఇలాంటి కిట్లే ఇంకో నాలుగు పేర్లతో కనిపిస్తున్నాయి, కాబట్టి పెట్టె లోపల ఏముందో చూసుకుంటే చాలు.

లోపల 16 ఎం.ఎం. మెయిన్ పైపు, 4 ఎం.ఎం. సన్న ట్యూబు, కుండీలో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే డ్రిప్పర్లు, కన్నాలు పెట్టే పంచ్, ఒక ఫిల్టర్, టైమర్ ఉన్నాయి. పైపులకి వంక పెట్టడానికి లేదు, మందంగా ఉన్నాయి, రెండు నెలల ఎండకి ఎక్కడా పగల్లేదు. బిగించడమే కష్టం. సన్న ట్యూబు కనెక్టర్‌లోకి దూరక మొదటి పది కుండీలకే బొటనవేలు బొబ్బలెక్కింది, తర్వాత తెలిసింది కిటుకు, ట్యూబు కొసని వేడినీళ్ళ గ్లాసులో పది సెకన్లు ముంచి తీస్తే మెత్తబడి ఇట్టే ఎక్కేస్తుంది, మిగతా ముప్పై కుండీలూ ఒక్క పూటలో అయిపోయాయి. ఈ ముక్క వాళ్ళ కాగితంలో ఎక్కడా లేదు.

డ్రిప్పర్ మీద గంటకి 4 లీటర్లు అని ఉంది. నమ్మకం లేక ఒకదాని కింద లీటరు సీసా పెట్టి కూర్చున్నా. లెక్క ప్రకారం పావుగంటలో నిండాలి, నలభై నిమిషాలు పట్టింది. తప్పు డ్రిప్పర్‌ది కాదు. ఆ 4 లీటర్ల లెక్క 1 బార్ ప్రెషర్‌కి, అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే వచ్చేది. మా ట్యాంకు అదే మిద్దె మీద నాలుగడుగుల దిమ్మె ఎక్కి ఉంది, దానికి ఎంత ప్రెషర్ వస్తుంది? అయినా పర్వాలేదు, పావుగంట బదులు నలభై నిమిషాలు వదిలితే సరి. ఇక్కడిదాకా నేను హ్యాపీనే.

అసలు గోల టైమర్‌తో వచ్చింది. సాయంత్రం ఆరింటికి తెరుచుకుని నలభై నిమిషాల్లో మూసుకోవాలని సెట్ చేశా. మొదటి రోజు టిక్ మని చప్పుడైంది, నీళ్ళు పడటం మొదలయ్యాయి, మురిసిపోయి కిందికొచ్చేశా. పొద్దున్నే ఆరింటికి ఆంటీ ఫోన్, "కుళాయిలో చుక్క రావట్లేదమ్మా, మోటర్ వేస్తారా?" అని. పైకెళ్ళి చూస్తే వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ, మిద్దె అంతా బురద, కుండీల అడుగు నుంచి ఎర్రమట్టి కారి గోడ మీద చారలు. టైమర్ స్క్రీన్ మీద మాత్రం 'ఆఫ్' అనే ఉంది! కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, కనీసం 0.5 బార్ ఉండాలని మాన్యువల్‌లో రాశాం సార్ అని. వెతికితే నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అంటే ట్యాంకు 5 మీటర్ల ఎత్తున ఉండాలి. మిద్దెతోటకని అమ్మే కిట్టుకి, మిద్దె మీద ఉండే ట్యాంకు పనికిరాదట. వాపసు గడువు ఏడు రోజులు, నేను బిగించడానికే తొమ్మిది రోజులు తీసుకున్నా, కాబట్టి డబ్బులు గోవిందా.

ఆ ఆదివారం రాణిగంజ్ వెళ్ళా. పైపుల షాపాయన టైమర్ చూడకుండానే "ట్యాంకు ఎంత హైట్ల ఉంది?" అని అడిగాడు. చెప్పగానే నవ్వాడు. నా దాంట్లో ఉన్నది సోలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటు అయస్కాంతంతో కదిలేది, అది సరిగ్గా తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా నీళ్ళ ఒత్తిడి సాయం కావాలి. బాల్ వాల్వ్ టైమర్ అని ఇంకోటి ఉంటుంది, అందులో చిన్న మోటర్ తిరిగి బంతిని తిప్పి మూస్తుంది, 0 బార్‌లోనూ పనిచేస్తుంది. 1,650కి తెచ్చా, రెండు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తోంది, ఇప్పటిదాకా ఒక్కసారీ మొరాయించలేదు. కొనేముందు ఈ ఒక్క మాట అడగండి, సోలినాయిడా, బాల్ వాల్వా. టైం కూడా తెల్లారి ఐదింటికి మార్చా, పైపు చల్లగా ఉంటుంది.

అక్కడే 50 శాతం షేడ్ నెట్, అంటే సగం ఎండని ఆపే నీడ వల కూడా కొన్నా. పక్కింటి వాళ్ళు ఎండ ఎక్కువని 90 శాతంది కట్టారు, వాళ్ళ బెండ మొక్కలు వెలుతురు చాలక పొడుగ్గా సాగిపోయాయి, కాయ లేదు. నెట్‌ని మరీ బిగించి కట్టకండి, సాయంత్రం గాలిదుమారం వస్తే తీగ కట్టిన చోటల్లా చిరుగుతుంది.

మాది బోరు నీళ్ళు, కాబట్టి ఇంకో బాధ. మూడు వారాలకి డ్రిప్పర్ల నోటి దగ్గర తెల్లగా సున్నం పేరుకుని సగం మూసుకుపోయాయి. మూత విప్పే రకం కావడం ఈ కిట్‌లో మంచి పని, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి బ్రష్‌తో రుద్దితే వదిలింది. ఫిల్టర్ వారానికోసారి కడగాల్సిందే.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనే తొమ్మిది రోజులు ఇల్లు వదిలి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వంగ, గోంగూర, బచ్చలి పచ్చగా ఉన్నాయి, బీర తీగ నెట్ మీదికి పాకేసింది. టమాటా పూత రాలిపోయింది, అంత వేడికి అది మామూలే, కిట్‌ని అనను. ఎండిపోయింది ఒక్క మందారే. చూస్తే దాని ట్యూబుని ఉడుత కొరికేసింది. స్పేర్ ట్యూబు కిట్‌లో అర మీటరు కూడా లేదు, కొనేటప్పుడే ఓ ఐదు మీటర్లు విడిగా తీసుకోండి. పైపులకి నాలుగు స్టార్లు, టైమర్‌కి సున్నా ఇచ్చే వీల్లేదంటోంది సైటు, కాబట్టి ఒకటి.