హంప్తా దారిలో వానకూ పడకకూ ఒకే గుడ్డ

జులైలో హిమాచల్‌లోని హంప్తా పాస్‌కి, అంటే కులూ వైపు నుంచి లాహుల్‌కి దాటే కొండ కనుమకి, టెంట్ లేకుండా వెళ్లాను. వానకూ పడకకూ నా దగ్గర ఉన్నది సిల్‌నైలాన్ (సిలికాన్ పూసిన పల్చటి నైలాన్) పొంచో టార్ప్ ఒక్కటే. సుమారు 5 అడుగుల వెడల్పు, 8.5 అడుగుల పొడవు, బరువు 300 గ్రాముల లోపే. నడిచేటప్పుడు బ్యాగుతో సహా కప్పుకోవాలి, రాత్రికి దాన్నే విప్పి గుడారంలా కట్టుకోవాలి. మన గొల్లకురుమలకు ఇది తెలియని సంగతి కాదు. వానలో కప్పుకున్న గొంగడే రాత్రికి వాళ్లకు పక్క.

మనాలి నుంచి ప్రీణి మీదుగా జీపులో జోబ్రా చేరాను. అక్కడి నుంచి చికా దాకా అడవి దారి, సన్నటి వాన. ఆ రెండు గంటలూ పొంచో మహా సుఖంగా ఉంది. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి చెమట పట్టదు, బ్యాగు తడవదు. మోచేతుల కింద మాత్రం తడుస్తుంది, దానికి చేసేదేం లేదు. చికా దాటాక పెద్ద పెద్ద బండరాళ్లు. ముందు అంచు వేలాడుతుంటే అడుగు ఎక్కడ పడుతోందో కనిపించలేదు. అంచు పైకి మడిచి, నడుముకు తాడు కట్టుకున్నాకే ధైర్యంగా నడవగలిగాను.

బాలూ కా ఘేరా చేరేసరికి వాన జోరందుకుంది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. గూడు కట్టాలంటే ఒంటి మీద రెయిన్‌కోటుగా ఉన్న ఆ పొంచోనే విప్పాలి! పది నిమిషాల్లో నిలువునా తడిశాను. చెట్లు లేవు. ఇసుకలో మేకులు నిలవవు. రెండు ట్రెక్కింగ్ కర్రలు నిలబెట్టి, తాళ్లకు రాళ్లు కట్టాను. సిల్‌నైలాన్ తడిస్తే సాగి జారిపోతుంది, అందుకని రాత్రి రెండుసార్లు లేచి తాళ్లు బిగించాల్సి వచ్చింది. టార్ప్ మధ్యలో తల దూర్చే ముసుగు మూతిని ఎంత గట్టిగా ముడేసినా చుక్కలు ఆగలేదు. అర్ధరాత్రి గాలి మళ్లి, జల్లు కొట్టి, స్లీపింగ్ బ్యాగు కాళ్ల వైపు తడిసింది. నా గూడు పక్కనే స్థానికులు సీజన్‌కి వేసిన టెంట్లు ఉన్నాయి. అక్కడే వేడి పప్పన్నం తిన్నాను. పడక కూడా తీసుకోవాల్సింది.

పాస్ ఎత్తు సుమారు 4,270 మీటర్లు. ఆ గాలికి పొంచో తెరచాపలా లేస్తుంది. దాన్ని లోపల పెట్టేసి, జాకెట్ వేసుకున్నాను. అంత ఎత్తులో పొంచో ఒక్కటే నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పాస్ దిగితే లాహుల్. వానమబ్బుల్ని కొండలు కులూ వైపే ఆపేస్తాయి. శియా గోరులో నేల పొడిగా ఉంది. టార్ప్ వెనక అంచును నేలకు ఆనించి, గాలికి వీపు పెట్టి, ముందువైపు తెరిచి కట్టాను. టెంట్‌లో లాగా లోపల ఆవిరి చెమ్మ లేదు. పడుకునే చుక్కలు చూశాను. చలి గట్టిదే కానీ, ఈ ప్రయాణంలో హాయిగా నిద్రపట్టింది ఆ రాత్రే.

మర్నాడు పొద్దున్నే, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే వాగు దాటి ఛత్రు చేరాను. ఢాబాలో రాజ్మా చావల్, మందపాటి రజాయి, మంచి మాట దొరికాయి. సదుపాయాలు అంతకు మించి లేవు, నాకు అవే చాలనిపించింది. ఈసారి వెళ్తే కులూ వైపు టెంట్ పడకకు డబ్బులిస్తాను, లాహుల్ వైపు టార్ప్ కట్టుకుంటాను, జాకెట్ మాత్రం ఎలాగూ ఉంటుంది.

గోడ మీద ఆరేసిన పొంచో గంటలో ఎండిపోయింది. తిరుగు జీపు అటల్ సొరంగం దాటి ఇవతలికి రాగానే మళ్లీ వాన. మనాలిలో దిగి, గదికి నడవడానికి దాన్నే కప్పుకున్నాను.