అమ్మ వేసుకుంటున్న ఆసిమెర్టినిబ్ మాత్ర: పది నెలల అనుభవం

అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే మా ఊళ్లో ఒక డాక్టరు టీబీ అని మూడు నెలలు మందులు మింగించాడు. తీరా హైదరాబాద్‌లో బయాప్సీ చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్. ముక్కను జన్యు పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఒకటే టెన్షన్. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందట. కీమో వద్దు, రోజుకో 80 మిల్లీగ్రాముల మాత్ర చాలన్నారు.

మూడో వారానికి ఆయాసం తగ్గి, మేడెక్కి వడియాలు పెట్టింది! ఈ మందును ఇదే రకం పాత మాత్రలతో పోల్చిన ఫ్లారా ట్రయల్‌లో జబ్బు ముదరకుండా ఆగిన కాలం మీడియన్ లెక్కన (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) దీంతో 18.9 నెలలు, పాత మాత్రలతో 10.2.

ధరే గుండె గుభేల్‌మనిపిస్తుంది. కంపెనీ సాయం స్కీము గురించి ముందే అడగండి. మాత్రతో ఇబ్బందులూ ఉన్నాయి: కాలి బొటనవేలి గోరు పక్కన వాచి చెప్పు పట్టడం లేదు. నిన్న ఆవకాయ కలిపింది కానీ, నోటిపూత వల్ల తను తినలేదు.