ఓక్లాండ్ ప్రెసిడెంటా, బర్క్‌లీ ఛాన్సలరా?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 10 క్యాంపస్‌లు. ఒక్కో క్యాంపస్‌కూ ఒక ఛాన్సలర్, అందరి మీదా ఒక ప్రెసిడెంట్. ఈ రెండు పదవుల్లో ఏది మేలు? (మన దగ్గర ఛాన్సలర్ అంటే చాలాచోట్ల గవర్నరే. అక్కడి ఛాన్సలర్ పని మన వైస్ ఛాన్సలర్‌ది.)

హాస్టల్ గదులు చాలకపోయినా, పేరున్న ప్రొఫెసర్ వేరేచోటికి వెళ్లిపోతానన్నా, విద్యార్థులు ధర్నాకు కూర్చున్నా ముందు తట్టేది ఛాన్సలర్ తలుపే. ఓక్లాండ్‌లో ఉండే ప్రెసిడెంట్‌కు ఆ సందడి తక్కువ. ఆయనది రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో నిధుల కోసం వాదించడం, ఫీజుల ప్రతిపాదనను రీజెంట్ల (విశ్వవిద్యాలయ పాలక మండలి సభ్యుల) ముందు పెట్టి ఒప్పించడం. ఆ 26 మంది రీజెంట్లలో 18 మందిని నియమించేది గవర్నర్. రాజకీయం తప్పదు.

రెండు కుర్చీలూ చూసినవాడు క్లార్క్ కెర్. 1952లో బర్క్‌లీ క్యాంపస్‌కు తొలి ఛాన్సలర్, 1958లో ప్రెసిడెంట్. హైస్కూల్ పాసైనవారిలో పై ఎనిమిదో వంతు ఈ విశ్వవిద్యాలయానికి, పై మూడో వంతు స్టేట్ కాలేజీలకు, మిగతా అందరికీ జూనియర్ కాలేజీల తలుపులు తెరిచే 1960 మాస్టర్ ప్లాన్‌ను ముందుండి నడిపించాడు. ఏ ఒక్క ఛాన్సలర్ చేతిలోనూ ఉండే పని కాదది. అందుకే నా ఓటు ప్రెసిడెంట్ కుర్చీకే, రోజువారీ తృప్తి మాత్రం ఛాన్సలర్‌కే ఎక్కువనుకుంటాను.

పదవీ భద్రత మాటకొస్తే తేడా లేదు. 1964 నాటి బర్క్‌లీ విద్యార్థి ఉద్యమం మొదట అక్కడి ఛాన్సలర్ పదవిని తినేసింది. 1967 జనవరిలో రొనాల్డ్ రీగన్ గవర్నరైన మూడు వారాల్లోపే రీజెంట్లు కెర్‌నూ సాగనంపారు.