గోల్డెన్ రూస్టర్ 2019: ఒకే జంటకు దక్కిన రెండు పురస్కారాలు

చైనాలో ప్రేక్షకుల ఓట్లతో నిర్ణయించే హండ్రెడ్ ఫ్లవర్స్ సినిమా పురస్కారాలు 1962లోనే మొదలు కాగా, నిపుణుల జ్యూరీ ఎంపిక చేసే గోల్డెన్ రూస్టర్ సినిమా పురస్కారాలు 1981లో ఆరంభమయ్యాయి. చైనీయుల లెక్కలో అది కోడి సంవత్సరం కాబట్టి విజేతల చేతికి బంగారు కోడిపుంజు ప్రతిమ వస్తుంది. 2019 నవంబరు 23న షియామెన్ నగరంలో జరిగిన 32వ ప్రదానోత్సవం ఈ జ్యూరీ పద్ధతి మీద నా గౌరవాన్ని పెంచింది.

అందుకు కారణం ‘సో లాంగ్, మై సన్’ సినిమాలో భార్యాభర్తలుగా నటించిన వాంగ్ జింగ్‌చున్, యోంగ్ మెయ్ ఇద్దరికీ ఉత్తమ నటీనటుల పురస్కారాలు ఇవ్వడం. అదే ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవంలోనూ వీరిద్దరే గెలిచారు కనుక జ్యూరీ ఆ బాటనే పట్టిందని అనుకోవచ్చు గాని, మూడు గంటల సినిమా చూసినవారు ఆ మాట అనలేరు. ఒక్కగానొక్క కొడుకు నీట మునిగి చనిపోగా, చైనా ప్రభుత్వం అమలు చేసిన ఒకే బిడ్డ విధానం వల్ల అంతకుముందే రెండో గర్భాన్నీ పోగొట్టుకున్న ఆ దంపతులు కడుపుకోతను మాటల్లో పెట్టకుండా, పుట్టిన ఊరికి దూరంగా ఫూజియన్ రాష్ట్ర తీరంలో ఏళ్ల తరబడి బతుకుతారు. ముసలితనంలో తిరిగి వెళ్తున్నప్పుడు విమానం కుదుపులకు లోనైతే ఇద్దరూ చప్పున ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. ఇంత జరిగాక కూడా మనకు చావంటే భయమేనా అన్న ఆశ్చర్యం ఆ ముఖాల్లో కనిపిస్తుంది. ఆ సన్నివేశంలో ఒకరి నటనను మరొకరి నటన నుంచి విడదీయడం సాధ్యం కాదు. షియామెన్ కూడా ఫూజియన్‌లోదే కావడం వల్ల ఈ గెలుపు నాకు మరింత దగ్గరగా అనిపించింది.

భూమికే ఇంజన్లు బిగించి సూర్యుడికి దూరంగా నడిపించే ‘ది వాండరింగ్ ఎర్త్’ ఉత్తమ చిత్రంగా నిలవడం సబబే; అంత భారీ సైన్స్ ఫిక్షన్‌ను చైనా సినిమా అప్పటిదాకా ఈ స్థాయిలో సాధించలేదు. ‘ఆపరేషన్ రెడ్ సీ’ అనే యుద్ధ చిత్రానికి గాను డాంటే లామ్ ఉత్తమ దర్శకుడయ్యారు. ఇక్కడ మాత్రం జ్యూరీతో నేను ఏకీభవించలేను. ‘సో లాంగ్, మై సన్’ దర్శకుడు వాంగ్ షియావోషువాయ్‌కు సహ రచయితగా స్క్రీన్‌ప్లే పురస్కారం దక్కింది, కానీ మూడు దశాబ్దాల కాలాన్ని ముందుకూ వెనక్కూ కదుపుతూ, ఏ ఏడాదిలో ఉన్నామో ముఖాల అలసటను బట్టే మనకు తెలిసేలా చేసింది ఆయన దర్శకత్వమే.