శ్రీకాళహస్తి: గుడి దాటి రెండు వీధులు

తిరుపతికి ఎన్నోసార్లు వచ్చాం గానీ శ్రీకాళహస్తిలో పూటంతా గడిపింది ఈసారే. మొదటి రాత్రి తిరుపతిలో ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. వేడినీళ్లకు బకెట్ లెక్కన డబ్బులడిగారు. మర్నాడు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న టీటీడీ వసతిగృహం విష్ణు నివాసంలో గది దొరికాక ప్రాణం కుదుటపడింది. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే బుక్ చేసుకోండి, లేకపోతే టెన్షనే.

శ్రీకాళహస్తికి ఆర్టీసీ బస్సులో గంట ప్రయాణం. రాహుకేతు పూజకు వచ్చినవాళ్లలో చాలామంది పూజ అవగానే మళ్లీ వ్యానెక్కుతున్నారు. ఊరికి మిగిలేది పార్కింగు, పూలు, టిఫిన్ల మీద వచ్చే నాలుగు డబ్బులే. రోడ్లు బాగుపడే కొద్దీ ఊళ్లో ఆగే సమయం ఇంకా తగ్గుతోందేమో అనిపించింది.

దారి అడుగుతూ వెళ్లి, బట్ట మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ పనివాళ్ల ఇల్లు ఒకటి పట్టుకున్నాం. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన బట్ట. పాలు పట్టించకపోతే రంగు పాకిపోతుందట. నల్ల రంగు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసింది. వెదురు పుల్ల కొనకు చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ ఆ ఇంటావిడ గీస్తుంటే గీత ఎక్కడా తెగలేదు.

"షాపులో ప్రింటు చీర కొనుక్కోని, అదే కలంకారీ అనుకుంటా ఉండారు అక్కా" అంది.

ఈ పని దాదాపు అడుగంటిన దశలో, 1950ల చివర్లో, హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అప్పుడు నేర్పారు కాబట్టే ఇప్పుడు ఆడవాళ్ల చేతుల్లో కూడా కలం ఉంది. 2005లో భౌగోళిక గుర్తింపూ (జీఐ ట్యాగ్) దక్కింది. అయినా గుడి నుంచి ఈ వీధులకు దారి చూపే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. కోట్లు పెట్టి కట్టే వసతుల్లో ఒక బోర్డు, ఒక పందిరి, గంటసేపు పని చూపించే ఏర్పాటు ఎంత ఖర్చని?

మా అమ్మాయి గీసిన గీత వంకర పోయింది. ఆ ఇంటావిడ దాన్నే తీగగా మార్చి రెండు ఆకులు తగిలించింది. నేర్పినందుకు ఎంతివ్వమంటారు అంటే, "బిడ్డకు చూపించినదానికి లెక్క తీసుకుంటామా" అంది.

తీసుకోవాలనే నేనంటాను. అడ్వాన్సుగా ఒక దుపట్టాకు డబ్బు కట్టి వచ్చాం.