జిల్లా గ్రంథాలయం కంప్యూటర్ గది: ఏడేళ్లు వాడాక

మా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో మెట్లెక్కగానే కుడిచేతి పక్క కంప్యూటర్ గది ఉంటుంది. పది కంప్యూటర్లు. ఏ రోజు చూసినా అందులో ఏడెనిమిది నడుస్తుంటాయి. నేను మొదటిసారి అక్కడ కూర్చున్నది 2018లో. ప్రైవేటు బడిలో టీచర్ని. ఇంట్లో కంప్యూటర్ లేదు. టెట్, డీఎస్సీ దరఖాస్తులు, పెద్దమ్మాయి ఎంసెట్ ప్రాక్టీసు, చిన్నమ్మాయి స్కాలర్‌షిప్పు రెన్యువల్, అన్నీ ఆ గదిలోనే అయ్యాయి. గోడకు అతికించిన నియమాల కాగితం ఈలోగా రెండుసార్లు మారింది, ఇప్పుడున్నది మూడోది. మూడింటినీ పాటించినదాన్ని కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది జనాన్ని తిప్పి పంపింది నాకు బాగా తెలుసు. ఊరి పేరు రాయడం లేదు. సిబ్బంది మంచివాళ్లు, వాళ్లకు మాట రాకూడదు.

చేతిలో ఫోన్ ఉండగా లైబ్రరీ కంప్యూటర్ ఎందుకని మా స్టాఫ్‌రూంలోనే అడుగుతారు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌ను తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీదే పెడుతున్నారు. 2024లో టెట్, ఆ వెంటనే డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదికే వచ్చాయి. పరీక్ష హాల్లో ముందర మౌస్ పెడతారు. పదిహేనేళ్లు చాక్‌పీసు పట్టిన చేతికి మౌస్ అలవాటు కావాలంటే గంటలకొద్దీ పట్టుకోవాల్సిందే. ఫోన్‌లో వేలితో తోసి చేసిన ప్రాక్టీసు అక్కడ అక్కరకు రాదు. మా ఊళ్లో పైసలు కట్టకుండా మౌస్ దొరికే చోటు ఈ గదొక్కటే.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది గంట నియమం. ఒక్కరికి రోజుకు ఒక గంట. కౌంటర్ దగ్గర పేరు రాస్తే సీటు నంబరు వేసిన చీటీ ఇస్తారు, గంట కాగానే వెనకున్నవాళ్లకు సీటు వదలాలి. ఫలితాలు చూసుకునేవాళ్లకు, పేపరు చదువుకునేవాళ్లకు గంట ఎక్కువే. టెట్ అలా కాదు. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఎంసెట్ 160 ప్రశ్నలు, మూడు గంటలు. గంట దగ్గర లేపేస్తే అది మాక్ టెస్టు రాసినట్టే కాదు. చివరి గంటలో కళ్లు లాగుతున్నప్పుడు మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవడానికే కదా అది రాసేది! మా పెద్దమ్మాయి ఒక్కో పేపరును మూడు రోజులకు ముక్కలు చేసుకుని రాసింది.

2022 చివర్లో గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది. ఎనిమిది వేలకు పైగా పోస్టులు. పొద్దున తలుపులు తీసేసరికే వరండాలో ముప్పై మంది ఉండేవాళ్లు. అందరికీ అందాలని గంటను అరగంటకు కుదించారు. సైటు నెమ్మదిగా ఉంటే ఆ అరగంటలో ఫోటో కూడా ఎక్కదు. ఒక అబ్బాయి ఫీజు కట్టే పేజీలో ఉండగా టైమైంది, లేవమన్నారు. ఖాతాలోంచి పైసలు పోయాయి, రసీదు పేజీ రాలేదు. మెట్లమీద కూర్చుని బ్యాంకు మెసేజీని పదేపదే తెరిచి చూసుకుంటున్న ఆ పిల్లవాడి ముఖం నాకింకా గుర్తుంది. పైసలు కొన్నాళ్లకు తిరిగొచ్చాయట, దరఖాస్తు మాత్రం మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాడు.

ఆ వారమే సలహాల పుస్తకంలో పేజీన్నర రాశాను. చదువుకునేవాళ్లకు, దరఖాస్తు పెట్టేవాళ్లకు, మాక్ టెస్టు రాసేవాళ్లకు ఒకటే గంట పెట్టొద్దు, పనిని బట్టి టైమివ్వండి అని. నాలాగా ఇంకా చాలామంది రాశారు, పేజీలు తిప్పితే కనిపించేవి. 2023 ఎండాకాలంలో రెండో కాగితం అతికించారు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, జనం పలచగా ఉండే వేళ, నాలుగు సీట్లు మాక్ టెస్టులకే. ముందురోజు పేరు రాయించుకోవాలి, మూడు గంటలూ ఎవరూ లేపరు. దరఖాస్తు సగంలో ఉంటే పది నిమిషాలు పొడిగించే అధికారం కౌంటర్లో కూర్చునే రికార్డ్ అసిస్టెంటుకే ఇచ్చారు. కాగితంమీద అది ఒక్క వాక్యం. కానీ అంతకుముందు ఆయనకు మనసున్నా లోపలికి వెళ్లి అడిగి రావాల్సి వచ్చేది, ఆలోపు టైం దాటిపోయేది. ఇప్పుడు వచ్చి స్క్రీన్ చూసి, "కానియ్యమ్మా, పది నిమిషాలు" అని చీటీ వెనక టైం రాసి పోతారు. వెనక నిలబడ్డవాళ్లు కూడా ఏమీ అనరు. తమ వంతు వచ్చినప్పుడు అదే పది నిమిషాలు తమకూ దొరుకుతాయని వాళ్లకు తెలుసు.

తర్వాత పెన్‌డ్రైవ్, ఫోన్. విడివిడిగా చూస్తే రెండు నియమాలనూ తప్పుపట్టలేం. వైరస్ పట్టి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిన కంప్యూటర్లను నేనూ చూశాను, అందుకే పెన్‌డ్రైవ్ వద్దన్నారు. పక్కవాళ్లు చదువుకుంటుంటే మోగకూడదని ఫోన్ కౌంటర్లో పెట్టి రమ్మన్నారు. రెండూ కలిస్తే ఏమవుతుందో దరఖాస్తు పెట్టడానికి కూర్చున్నాకే తెలుస్తుంది. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షకు ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య. ఎడమ బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్ కూడా స్కాన్ చేసి ఎక్కించాలి. ఈ నాలుగు ఫైళ్లు కంప్యూటర్లోకి ఎట్లా రావాలి? పెన్‌డ్రైవ్ తేకూడదు. మెయిల్ తెరుద్దామంటే ఎప్పుడూ వాడని కంప్యూటర్ కాబట్టి ఫోన్‌కు కోడ్ పంపుతుంది. ఫోన్ కౌంటర్లో ఉంది. వెళ్లి, కోడ్ చూసి, కాగితంమీద రాసుకుని వచ్చేసరికి దాని గడువు తీరిపోతుంది. మా బడిలోనే పనిచేసే ఇంకో టీచరు రెండు రోజులు ఇలా తిరిగి, విసిగి, నెట్ సెంటర్‌కు పోయి ఒక్క దరఖాస్తుకు రెండువందలిచ్చి వచ్చింది. ఆమెకొచ్చే జీతానికి అవి చిన్న పైసలు కావు.

రెండో కాగితంలో ఇదీ సరిచేశారు. పెన్‌డ్రైవ్‌ను ముందు కౌంటర్ కంప్యూటర్లో స్కాన్ చేయించుకుని తేవచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి టేబుల్ మీద బోర్లించాలి, మాట్లాడాలంటే వరండాలోకి పోవాలి. ఫోన్లు లోపలికొస్తే గోలవుతుందని భయపడ్డారు గానీ, రెండేళ్లుగా అలాంటిదేమీ నేను చూడలేదు.

ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించకూడదన్న నియమం మొదటినుంచీ ఉంది, సబబైనదే. దానికి మినహాయింపు ఎలా పుట్టిందో చెప్పాలి. చూపులేని డిగ్రీ విద్యార్థి ఒకతను తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఎక్కిద్దామంటే నియమం ఒప్పుకోదు. నెలరోజులు తమ్ముడే గొంతు తగ్గించి చదివి వినిపించాడు. దాన్ని ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చని తర్వాత ఆ అబ్బాయే కనుక్కున్నాడు. లైబ్రేరియన్ మేడం పక్కన కూర్చుని నడిపి చూపించాడు. మేడం ఆ రోజే కిటికీ దగ్గరి మూడో నంబరు సీటుకు హెడ్‌ఫోన్లు పెట్టించి, గోడమీది కాగితం అడుగున పెన్నుతో ఒక వాక్యం చేర్చారు. మూడో కాగితంలో అది అచ్చులో ఉంది. ఏడేళ్లలో నాకు బాగా నచ్చిన నియమం ఏదంటే ఇదే చెప్తాను.

తెలుగు టైపింగ్‌కూ ఇదే చిక్కు ఉండేది. కొన్ని కంప్యూటర్లలో అను ఫాంట్లే ఉండేవి, అందులో కొట్టింది మెయిల్లో పంపితే అవతల అర్థంలేని గీతలుగా కనిపించేది. లేఖిని అనే వెబ్‌సైట్ ఏదీ ఎక్కించే పనిలేకుండా బ్రౌజర్లోనే, ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు ఇస్తుంది కాబట్టి నాకు గడిచిపోయింది. యూట్యూబ్‌ను మొత్తంగా ఆపేయడం మాత్రం నేను ఒప్పుకోను. సినిమాలు చూస్తారని ఆపారు. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ పాఠాలు కూడా అక్కడే ఉన్నాయి. కోచింగ్‌కు హైదరాబాద్ పోలేని పిల్లలకు ఆ పాఠాలే దిక్కు. ఇప్పుడు హెడ్‌ఫోన్లున్న మూడు సీట్లలో తెరిచి ఉంచుతున్నారు, చాలవు.

నన్ను భయపెట్టిన విషయానికి మొదటి రెండు కాగితాల్లోనూ పరిష్కారం లేదు. 2019లో ఒకరోజు హాల్‌టికెట్ దించుకుని, అదెక్కడ పడిందా అని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. అందులో ఊరి జనమంతా ఉన్నారు. ఆధార్ పీడీఎఫ్‌లు, పదో తరగతి మెమోలు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీలు. నేను పాఠం చెప్పిన పిల్లల పేర్లు కూడా కనిపించాయి. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది గదా అంటారు. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న మెమోలో అచ్చయి ఉన్నాయి. ఇంటికి తాళమేసి చెవి గడపమీదే పెట్టిపోయినట్టుంది. అన్నీ చెరిపేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేచాను. మర్నాడు మళ్లీ ఏడు ఫైళ్లున్నాయి.

కాగితంలో దీనిగురించి ఉన్నదల్లా ఒక్క వాక్యం: మీ సమాచారానికి మీరే బాధ్యులు. కంప్యూటర్ ముందు జీవితంలో మొదటిసారి కూర్చున్న మనిషికి తన ఫైలు అక్కడే ఉండిపోతుందని ఎలా తెలుస్తుంది? పింఛను కాగితాలకోసం మనవడితో వచ్చిన ముసలాయన మీద ఆ బాధ్యత ఎలా వేస్తాం? కంప్యూటర్ పెట్టినవాళ్లే దాన్ని తుడవాలి. రీస్టార్ట్ చేస్తే పొద్దున ఎలా ఉందో అలాగే అయిపోయేట్టు చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. దీనికోసం నేను నాలుగుసార్లు రాసిచ్చాను. 2024 వానాకాలంలో మూడో కాగితంతోపాటు ఆరు కంప్యూటర్లకు అది పెట్టారు. ఇప్పుడు ఒకరు లేవగానే రీస్టార్ట్, ఆ తర్వాతే ఇంకొకరు.

రిజిస్టర్‌దీ అదే కథ. పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన వేళ, సంతకం. పుస్తకం కౌంటర్ మీద బార్లా తెరిచి ఉండేది, వెనక వచ్చినవాళ్లకు పై వరసలన్నీ కనిపించేవి. డిగ్రీ చదివే ఒకమ్మాయికి తెలియని నంబరు నుంచి రోజూ ఫోన్లు వచ్చాయి. ఆమె రావడం మానేసింది. ఐటీ చట్టం కింద 2011లో సైబర్ కేఫ్‌లకు నియమాలు పెట్టారు. గుర్తింపు చూడాలి, వచ్చినవాళ్ల వివరాలు కనీసం ఏడాది దాచాలి, అడ్డుతడకలు నాలుగున్నర అడుగులు దాటకూడదు, తడకల్లేని చోట స్క్రీన్లు అందరికీ కనిపించేలా బయటికి తిరిగి ఉండాలి. అవి వ్యాపారంగా నడిపే కేంద్రాలకోసం రాసినవి, మా లైబ్రరీ కాగితం చాలావరకు వాటినే పోలి ఉంది. వివరాలు దాచమన్నారు సరే, ఒకరివి ఇంకొకరికి చూపించమని ఎవరూ అనలేదు. ఇప్పుడు లైబ్రరీ కార్డు నంబరు చెప్తే చాలు, కౌంటర్ లోపల వాళ్లే రాసుకుంటారు. తలుపు దగ్గరి రెండు సీట్లు ఆడవాళ్లకే ఉంచారు. సాయంత్రం ఆరు దాటాక కూడా అమ్మాయిలు కూర్చుంటున్నారు, మునుపు ఉండేవాళ్లు కారు.

ప్రింటు పేజీకి రెండు రూపాయలు, స్కాన్ ఉచితం. అందులో వంక పెట్టేదేమీ లేదు. శుక్రవారం సెలవు. దరఖాస్తు ఆఖరి తేదీ శుక్రవారం పడితే ఎట్లా అని అడిగాను, అలాంటి రోజున కంప్యూటర్ గదొక్కటే సగంపూట తెరవమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

ఉచితంగా ఇస్తున్నదాన్ని ఇన్ని అడుగుతావేమని మా ఆయన అంటుంటారు. అది ఉచితం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం.

ఐదింటికి మార్కులు వేయమంటే మొదటి కాగితానికి రెండు వేస్తాను, ఇప్పటిదానికి నాలుగు. ఒకటి తగ్గించింది యూట్యూబ్‌కూ, తుడవకుండా మిగిలిన నాలుగు కంప్యూటర్లకూ. పోయిన నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో లేచి ఆ నాలుగింటి మాట అడిగాను. ఎస్టిమేటు పంపామన్నారు. అవి 4, 7, 8, 10 నంబర్లు. మీకు ఆ సీటు పడితే ఆధార్‌లో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలేమో ముందు చూసుకోండి. బ్రౌజర్‌ను చూసిన పేజీలు, లాగిన్లు గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటోలో తెరవండి. లేచేముందు డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ రెండూ ఖాళీ చేయండి. మీకంటే ముందు కూర్చున్నవాళ్ల కాగితాలు అందులో కనిపిస్తే, తెరవకుండా అవి కూడా చెరిపేయండి.