గది ముచ్చటగా ఉంది, కానీ గోడ లోపల చూడండి: ఇంట్లో వైన్ సెల్లార్ కట్టించుకున్న అనుభవం

ఎనిమిది నెలల క్రితం మా ఇంటి కింది అంతస్తులో వాడకం లేకుండా పడి ఉన్న సామాన్ల గదిని వైన్ సెల్లార్‌గా, అంటే వైన్ సీసాలను చల్లగా నిల్వ ఉంచే గదిగా మార్పించుకున్నాను. గది ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉంటుంది. నాలుగు వందల సీసాలు పడతాయి. నక్షా గీయడం నుంచి తాళం చేతికివ్వడం దాకా మొత్తం పని ఒకే సంస్థ చేసింది. వారి పనిలో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి, గట్టిగా తప్పుపట్టవలసినది ఒకటి ఉంది.

మొదటిసారి చూడడానికి వచ్చిన డిజైనర్ చెక్క నమూనాలేవీ బయటికి తీయలేదు. ప్రతి గోడ మీదా చెయ్యి పెట్టి, దాని అవతల ఏముంది, ఏ గోడకు ఎండ తగులుతుంది, పైన ఉన్నది పడకగదా స్నానాల గదా అని అడిగి రాసుకున్నారు. నాకు నమ్మకం కలిగింది అక్కడే. వైన్ నిల్వకు 13 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో చల్లదనం కావాలని చాలామందికి తెలుసు. ఆ చల్లదనం రోజుకోరకంగా మారకుండా ఉండడం అంతకంటే ముఖ్యమని, గాలిలో తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉండాలని ఆయన ఓపికగా వివరించారు. గాలి మరీ పొడిగా ఉంటే బిరడా ఏళ్ల తరబడి ఎండి, కుంచించుకుపోయి, సీసాలోకి గాలిని రానిస్తుంది. సీసాలను పడుకోబెట్టి ఉంచేది కూడా వైన్ తగిలి బిరడా తడిగా ఉండడానికే. మామూలు ఏసీ పెడితే సరిపోదా అని అడిగాను. అది సాధారణంగా 16 డిగ్రీల కంటే కిందికి దిగదని, పైగా గాలిలోని తేమను లాగేస్తుందని చెప్పి, సెల్లార్ల కోసమే తయారైన యంత్రాన్ని సూచించారు.

గోడల పనికి రెండు వారాలు పట్టింది. పాత గోడకు ముందుగా మందపాటి పాలిథిన్ పట్టా పరిచి, దాని మీద చెక్క చట్రం బిగించి, చట్రం మధ్య ఖాళీల్లో బయటి వేడిని అడ్డుకునే పాలీయురెథేన్ ఇన్సులేషన్ మూడు అంగుళాల మందాన నింపి, పైన తేమను తట్టుకునే జిప్సం బోర్డు వేశారు. పైకప్పుకు ఐదు అంగుళాలు నింపారు. పట్టా వెచ్చని వైపునే ఉండాలన్నది ఈ పనిలో ప్రాణం లాంటి సూత్రం. బయటి గాలిలోని ఆవిరి చల్లని చోటును వెతుక్కుంటూ గోడలోకి వస్తుంది. దాన్ని వెచ్చని వైపే ఆపకపోతే ఇన్సులేషన్ మధ్యలో నీరుగా మారి అక్కడే నిలిచిపోతుంది. మూలల దగ్గర ఒక పట్టా మీద ఇంకొకటి జానెడు ఎక్కేలా పరిచి, టేపు వేసి, గాలిబుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లిన పనివాడిని ఆ రోజు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఇంత శ్రద్ధగా చేసిన పని పైకప్పు దగ్గర చెడింది. మూడో నెలలో దీపం చుట్టూ అరచేయంత మేర బోర్డు నల్లబడి చెమర్చడం మొదలైంది. ఫోన్ చేస్తే మొదటి వారం రోజులు "కొత్త గది కదండీ, సర్దుకుంటుంది" అన్నారు. నేను ఊరుకోకపోవడంతో వచ్చి బోర్డు విప్పారు. దీపానికి తీగ లాగడానికి ఎలక్ట్రీషియన్ పట్టాను కోసి, ఆ కోతను మూయకుండా వదిలేశాడు. ఆ సందులోంచి వచ్చిన ఆవిరికి ఇన్సులేషన్ పిండితే నీళ్లు కారేంతగా నానిపోయింది. తప్పు ఒప్పుకున్నాక మాత్రం పని సవ్యంగా చేశారు: తడిసిన భాగం తీసేసి, కోతను సీలెంట్‌తో మూసి, దీపాన్ని బోర్డు లోపలికి దించకుండా పైపైనే బిగించారు. డబ్బు అడగలేదు. అయినా ఆ వారం ఆలస్యాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే చెమర్చిన బోర్డు దానంతటది ఆరదని వారికి నాకంటే బాగా తెలుసు.

తలుపు విషయంలో వారి మాట వినడం మంచిదైంది. ఒక గోడంతా అద్దం పెట్టించాలని నా కోరిక. అద్దం చల్లదనాన్ని నిలపదని నచ్చజెప్పి, రెండు పొరల అద్దం ఉన్న తలుపు ఒక్కటే పెట్టారు. బిగించిన రోజు తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే గడప దగ్గర తేలిగ్గా వచ్చేసింది. అడుగు రబ్బరు పట్టీ మార్చాక లాగితే చిరిగింది.

అరలు చక్కగా కుదిరాయి. మొదటి నక్షాలో గళ్లన్నీ సన్నని సీసాల కొలతకే ఉన్నాయి. షాంపేన్, బర్గండీ సీసాలు లావుగా ఉంటాయని గుర్తుచేస్తే, చెక్క కోయకముందే రెండు వరసలు వెడల్పు చేశారు. నిండు సీసా 1.2 నుంచి 1.5 కిలోల దాకా తూగుతుంది కాబట్టి నాలుగు వందల సీసాల బరువు అర టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్క చూపించి నేల దిట్టతనం ముందే పరీక్షించడం నాకు నచ్చింది.

శీతల యంత్రం వేడిని వదిలే భాగాన్ని ఆరుబయట పెట్టారు. పక్కనున్న నడవాలోకి వదిలితే ఆ నడవా వేడెక్కి, యంత్రం తన వేడితో తానే పోరాడవలసి వచ్చేది. గాలి ఉష్ణోగ్రత యంత్రం ఆగినప్పుడల్లా కొద్దిగా పెరుగుతుంది కాబట్టి, నేను ఒక ఖాళీ సీసాలో నీళ్లు పోసి, అందులో థర్మామీటరు ఉంచి చూస్తున్నాను. మరమ్మతు జరిగాక ఒకరోజు ఐదు గంటలు కరెంటు లేకపోయినా ఆ నీళ్ల ఉష్ణోగ్రత 13 డిగ్రీల నుంచి పెరిగినా 14 దాటలేదు.

ఆరు వారాలన్న పని తొమ్మిది వారాలు పట్టింది. వార్నిష్ వాసన పోయేదాకా సీసాలు పెట్టవద్దని ఆపిన రెండు వారాలు ఇందులో కలిసి ఉన్నాయి, వాటిని నేను తప్పుపట్టను. ఈ సంస్థకు పని ఇచ్చేవారు బోర్డులు మూసే ముందు ప్రతి గోడకూ, పైకప్పుకూ ఫొటోలు తీయించుకుని, అవి చేతికి వచ్చాకే తర్వాతి వాయిదా చెల్లించండి. నాకు నాలుగు గోడల ఫొటోలు ఇచ్చారు, పైకప్పుది ఇవ్వలేదు, నేనూ అడగలేదు.